వర్తకుల రేవులో చూపులూ కొనుగోళ్లూ

కోపెన్‌హాగన్ నడిబొడ్డున జ్ఞాపికలు అమ్మే ఏ కొట్టులోకి తొంగిచూసినా కొమ్ముల టోపీ ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. పూర్వం ఉత్తర ఐరోపా సముద్రాలనేలిన ఓడయోధులు వైకింగుల శిరస్త్రాణమని చెప్పి అమ్ముతారు. ప్లాస్టిక్‌తోనో బొచ్చుగుడ్డతోనో చేసినది, పిల్లల తలకు సరిపోయేది. వైకింగులు కొమ్ముల శిరస్త్రాణాలు పెట్టుకున్నారనడానికి ఆధారం ఒక్కటీ లేదు. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకాలకు దుస్తులు రూపొందించిన చిత్రకారుడు వేషధారుల తలలకు కొమ్ములు తగిలించాడు. ఆ వేషమే జనం మనసులో చరిత్రగా నిలిచిపోయింది. అయితే ఆ కొట్టు నుంచి కాలినడకన కొద్ది నిమిషాల దూరంలో డెన్మార్క్ జాతీయ మ్యూజియం ఉంది. అక్కడ నిజంగానే కొమ్ములున్న కంచు శిరస్త్రాణాలు రెండు ఉన్నాయి. 1942లో వెక్సో అనే ఊరి దగ్గర బురదనేలలో దొరికాయి. క్రీ.పూ. 900 ప్రాంతానివి. అంటే వైకింగుల కాలానికి సుమారు 1,700 ఏళ్ళ ముందటివి.

కంచు తయారు కావాలంటే రాగి, తగరం ఉండాలి. ఆ కాలపు డెన్మార్క్‌లో వాటి గనులు లేవు. లోహమంతా దక్షిణాది దేశాల నుంచి చేతులు మారుతూ వచ్చేది. దానికి బదులుగా ఇక్కడి నుంచి వెళ్ళిన సరుకుల్లో పేరున్నది అంబర్. కోట్ల ఏళ్ళ కిందటి చెట్ల జిగురు గట్టిపడి తేనె రంగు రాయిలా మారినది అది. మన పాత నిఘంటువులు దాన్ని తృణమణి అంటాయి. గుడ్డతో రుద్దితే గడ్డిపరకను లాక్కుంటుంది కాబట్టి ఆ పేరు. కొమ్ముల టోపీలు అమ్మే కొట్టుకు నాలుగడుగుల దూరంలో ఈ తృణమణి హారాలు అమ్మే కొట్టు ఉంటుంది. అసలు శిరస్త్రాణం, దాని లోహాన్ని కొనిపెట్టిన సరుకు, దాని పేరు చెప్పుకుని బతుకుతున్న నకిలీ, మూడూ ఒకే పేటలో ఉన్నాయి.

ప్రయాణాల మీద వెళ్ళేవారు ఊరిని మామూలుగా రెండు ముక్కలు చేసుకుంటారు. పొద్దున కోటలు, మ్యూజియాలు, సాయంత్రం బజారు. యాత్రా సంస్థల కార్యక్రమ పత్రాల్లో 'షాపింగుకు ఖాళీ సమయం' అని చిట్టచివర ఒక ముక్క ఉంటుంది. ఆ విభజన కోపెన్‌హాగన్‌లో బొత్తిగా పనిచేయదు. ఇక్కడ బజారును పక్కనపెట్టి చరిత్ర చూడాలనుకుంటే చూడటానికి పెద్దగా ఏమీ మిగలదు. చరిత్రను పక్కనపెట్టి కొనడానికి బయలుదేరితే ప్రపంచంలో ఏ విమానాశ్రయంలోనైనా దొరికే వస్తువులే రెట్టింపు ధరకు చేతికొస్తాయి.

ఊరి పేరులోనే సంగతంతా ఉంది. డేనులు తమ రాజధానిని కోబెన్‌హౌన్ అంటారు. పాత రూపాన్ని విడదీస్తే వర్తకుల రేవు అని అర్థం. అంతకుముందు దీని పేరు ఉత్త రేవు, హౌన్. 1167 ప్రాంతంలో అబ్సలన్ అనే బిషప్ ఇక్కడి చిన్న దీవి మీద కోట కట్టించాడు. దాని పునాది గోడలు ఇప్పటి పార్లమెంటు భవనమైన క్రిస్టియన్స్‌బోర్ అడుగున ఉన్నాయి, దిగి చూడవచ్చు. రేవు ముందున్న ఓరెసుండ్ జలసంధిలో ఏటా హెర్రింగ్ చేపలు గుంపులు గుంపులుగా వచ్చేవి. వాటికి ఉప్పు పట్టించి పీపాల్లో నింపి క్రైస్తవ ఐరోపా ఉపవాస దినాలకు సరఫరా చేసే వ్యాపారం చుట్టూ జనం చేరారు. కోట బిషప్పుదే అయినా పేరు మాత్రం వర్తకులకు దక్కింది.

వీధి ఎందుకు అలా ఉంది

పర్యాటకులందరూ నడిచే వీధి పేరు స్ట్రోయెట్. పురపాలక భవనం ముందున్న చౌకు నుంచి కోంగెన్స్ నూటోర్వ్ అనే రాజచౌకు దాకా 1.1 కిలోమీటరు. విచిత్రమేమిటంటే ఏ ఇంటి చిరునామాలోనూ ఆ పేరు ఉండదు. షికారు బాట అన్న అర్థంలో జనం పెట్టుకున్న వాడుక పేరు అది. ఒకదాని కొసకు మరొకటి అతుక్కున్న ఐదు వీధులు, చౌకుల వరుస కాబట్టి బాట వంకర్లు తిరుగుతుంది. ఒక కొసన నిలబడితే రెండో కొస కనిపించదు.

దాదాపు మధ్యలో అమాగర్‌టోర్వ్ ఉంది. టోర్వ్ అంటే సంత. 1521లో రాజు రెండవ క్రిస్టియన్ హాలండు నుంచి రైతులను పిలిపించి ఊరికి ఎదురుగా ఉన్న అమాగర్ దీవిలో భూములిచ్చాడు. వాళ్ళు పండించిన కూరగాయలు ఈ చౌకుకు వచ్చేవి. దాని నుంచి ఉత్తరంగా వెళ్ళే కోబ్‌మేయర్‌గేడ పేరులో ఇప్పుడు ఏ అర్థమూ వినిపించదు గాని, మొదట్లో అది మాంసం అమ్మేవారి వీధి. ఆ పక్కనున్న స్కిన్నర్‌గేడ తోళ్ళ పనివారిది. దక్షిణంగా నాలుగడుగులు వేస్తే కాలువ గట్టున గమ్మెల్ స్ట్రాండ్ వస్తుంది. అక్కడ తలకు రుమాలు కట్టుకుని, చేతిలో చేప పట్టుకుని రాతి స్త్రీ ఒకామె నిలబడి ఉంటుంది. స్కోస్‌హోవెడ్ అనే పల్లె నుంచి వచ్చి ఇక్కడ చేపలమ్మిన ఆడవాళ్ళకు గుర్తుగా 1940లో పెట్టిన విగ్రహం. రాజులు గుర్రాలెక్కి ఉన్న ఊరిలో చేపలమ్మే మనిషికీ ఒక పీఠం దక్కింది. చాలామంది ఆమెను గమనించకుండానే పడవ టిక్కెట్ల వరుస వైపు వెళ్ళిపోతారు.

ఇంత పాత పేర్లున్న వీధుల్లో నిజంగా పాతవైన ఇళ్ళు మాత్రం తక్కువ. కోపెన్‌హాగన్‌ను మూడుసార్లు నిప్పు తిన్నది. 1728 అక్టోబరులో నాలుగో వంతుకు పైగా ఊరు కాలిపోయింది. విశ్వవిద్యాలయ గ్రంథాలయం బూడిదైంది. 1795 జూన్‌లో మరో 900కు పైగా ఇళ్ళు పోయాయి. 1807 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకాదళం, సైన్యం కలిసి ఊరి మీద మూడు రాత్రులు గుండ్లు, రాకెట్లు కురిపించాయి. డేనిష్ నౌకలు నెపోలియన్ చేతికి చిక్కకూడదన్నది కారణం. కాబట్టి 'మధ్యయుగపు నగరం' అని కరపత్రాల్లో రాసేది కళ్ళకు కనిపించే గోడల గురించైతే చాలావరకు తప్పు. నేల గురించైతే నిజం. ఇళ్ళు కాలినా స్థలాల హద్దులు, వీధుల గీతలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. కొత్త ఇల్లు పాత ఇరుకు స్థలంలోనే లేచింది.

ఆ ఇరుకుతనమే ఇప్పటి వ్యాపారానికి పెట్టుబడి. నగరాల్లో మనుషుల నడకను జీవితమంతా పరిశీలించిన డేనిష్ వాస్తుశిల్పి యాన్ గేల్ దీనికి ఒక లెక్క చెబుతాడు. దుకాణం ముఖం ఐదారు మీటర్లే ఉంటే 100 మీటర్ల వీధిలో ఒక పక్క 15 నుంచి 20 దుకాణాలు పడతాయి. మామూలు నడకలో దాదాపు ఐదేసి సెకన్లకు ఒక కొత్త కిటికీ ఎదురవుతుంది. నడిచేవారికి దూరం తెలియదు. అదే కిలోమీటరు దూరాన్ని ఒక పెద్ద కార్యాలయం గోడ వెంట నడిస్తే కాళ్ళు పీకుతాయి. అమ్మకానికి అనుకూలమైన ఈ కొలత ఏ వ్యాపార నిపుణుడూ వేసినది కాదు. పూర్వపు చేతిపనివారి స్థలం హద్దులే అందుకు కారణం.

ఇంకొక గుర్తు నాలుగు వీధుల కూడళ్ళలో ఉంది. ఇక్కడి మూల ఇళ్ళు మూలగా ఉండవు. కత్తితో కోసినట్టు ఏటవాలుగా ఉంటాయి. 1795 మంటల్లో పొడవైన నిచ్చెనల బండ్లు ఇరుకు మలుపులు తిరగలేకపోయాయి. అందుకే తర్వాత కట్టే ప్రతి మూల ఇంటికీ కొసను తెగ్గొట్టాలని నియమం పెట్టారు. అగ్నిమాపక బండ్ల కోసం వదిలిన ఆ ఏటవాలు గోడలోనే ఇప్పుడు చాలా దుకాణాల తలుపులున్నాయి, రెండు వీధుల్లోంచి వచ్చేవారికీ కనిపించేలా. నియమం చేసినవారు ఊహించి ఉండరు.

స్ట్రోయెట్ మీదికి కార్లు రాకుండా ఆపింది 1962 నవంబరు 17న. ప్రయోగంగా మొదలుపెట్టి 1964లో శాశ్వతం చేశారు. ముందు గగ్గోలు పుట్టింది. కార్లు రాకపోతే కొనేవారు రారని వర్తకులు భయపడ్డారు. వీధిలో కుర్చీలు వేసుకుని కూర్చోవడానికి మనమేమైనా ఇటలీవాళ్ళమా, ఈ చలిలో ఎవరు తిరుగుతారు అన్న వాదన పత్రికలకెక్కింది. జరిగింది తలకిందులు. నడిచేవారు పెరిగారు, అమ్మకాలు పెరిగాయి. ఆ తర్వాత ఊరు తొందరపడలేదు. నడిబొడ్డున కార్లు నిలిపే చోట్లను ఏటా రెండు మూడు శాతం చొప్పున, ఎవరికీ పెద్దగా నొప్పి తెలియకుండా తగ్గిస్తూ పోయింది. 1962లో 15,800 చదరపు మీటర్లున్న కాలినడక ప్రాంతం నాలుగు దశాబ్దాల్లో లక్ష చదరపు మీటర్ల దరిదాపులకు చేరింది. ఇటలీవాళ్ళం కామన్నవారి మనవలు ఇప్పుడు చలికాలంలో కూడా ఒళ్ళో దుప్పటి కప్పుకుని ఆరుబయట కాఫీ తాగుతున్నారు.

ఆ విజయానికి చెల్లించిన మూల్యం కూడా అదే వీధిలో కనిపిస్తుంది. జనం ఎక్కువైన చోట అద్దె పెరుగుతుంది. అద్దె పెరిగిన చోట మేకులు, తాళాలు, గుండీలు అమ్మే కొట్టు నిలవదు. పురపాలక భవనం వైపు సగంలో ఇప్పుడు జ్ఞాపికల కొట్లు, తినుబండారాల కొట్లు, ఏ దేశంలోనైనా ఉండే గొలుసు దుకాణాలు. రాజచౌకు వైపు సగంలో ఖరీదైన అంతర్జాతీయ బ్రాండ్లు. మధ్యలో అమాగర్‌టోర్వ్ దగ్గర మాత్రమే డేనిష్ సరుకు గట్టిగా నిలబడింది: పింగాణీ, జార్జ్ యెన్సన్ వెండి సామాను, గృహాలంకరణ వస్తువులు. అంటే వర్తకులను చంపుతుందని భయపడ్డ నిర్ణయం వర్తకాన్ని బతికించి, చిల్లర వర్తకులను పక్క సందుల్లోకి తరిమింది. ఈ ఊళ్ళో కొనదగిన వస్తువు కోసం వెతికేవారు అందుకే స్ట్రోయెట్ మీద నడవాలి, స్ట్రోయెట్ మీద కొనకూడదు.

డ్రాగన్ల తోకలు

డేనిష్ చరిత్రలో కట్టడాల పిచ్చి బాగా పట్టిన రాజు నాలుగవ క్రిస్టియన్. 1588 నుంచి 1648 దాకా ఏలాడు. పర్యాటకులు చూసే పాత కట్టడాల్లో పేరున్నవి చాలావరకు ఆయన చలవే. కిరీటాలు దాచిన రోసెన్‌బోర్ కోట, నావికుల ఇళ్ళ వరుసలైన నూబోడర్, కాలువల పేట క్రిస్టియన్స్‌హౌన్, 1637 నుంచి 1642 దాకా కట్టిన గుండ్రని బురుజు రూండెటోర్న్, అన్నీ ఆయన కాలానివే. ఈ బురుజులో చివరి కాసిన్ని తప్ప మెట్లుండవు. ఏడున్నర చుట్లు తిరిగే 209 మీటర్ల ఏటవాలు బాట ఉంటుంది. 1716లో రష్యా చక్రవర్తి పీటర్ దాని మీదికి గుర్రమెక్కి వెళ్ళాడని ప్రతీతి. పైనుంచి చూస్తే ఊరి ఎర్ర పెంకుల కప్పులు, వీధుల వంకర్లు ఒక్క చూపులో అర్థమవుతాయి. స్ట్రోయెట్‌ను ముందు ఇక్కడి నుంచి చూసి, తర్వాత దిగి నడవడం మంచిది.

కానీ ఆ రాజు మనసు తెలిసేది బోర్సెన్ దగ్గర. 1619లో మొదలుపెట్టిన ఈ పొడుగాటి భవనాన్ని నీటి అంచున కట్టించాడు, ఓడల సరుకు నేరుగా గుమ్మం ముందు దిగేలా. కింద గోదాములు, కొట్ల గదులు. పై అంతస్తులోనూ దుకాణాలు. నాలుగు వందల ఏళ్ళ కిందటి షాపింగ్ మాల్ అంటే తప్పు లేదు. కప్పు మీద నాలుగు డ్రాగన్ల తోకలు మెలికలు తిరిగి 56 మీటర్ల ఎత్తు శిఖరంగా లేచేవి. శత్రువుల నుంచీ నిప్పు నుంచీ అవి కాపాడతాయని నమ్మిక. 1728, 1795, 1807, మూడు గండాలనూ భవనం దాటింది. చుట్టుపక్కల క్రిస్టియన్స్‌బోర్ రాజభవనం రెండుసార్లు కాలినా ఇది నిలిచింది. 2024 ఏప్రిల్ 16 పొద్దున, మరమ్మతులు జరుగుతుండగా మంటలంటుకున్నాయి. శిఖరం విరిగి వీధిలో పడింది. భవనంలో సగం పోయింది. ఆ పొద్దున అగ్నిమాపక సిబ్బందితో పాటు ఉద్యోగులు, దారినపోయేవారు కూడా లోపలికి వెళ్ళి పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలను భుజాల మీద మోసుకొచ్చారు. మొదట సంతగా, తర్వాత వాటాల మార్కెట్టుగా, ఆపైన వాణిజ్య మండలి కార్యాలయంగా ఉన్న ఇల్లు అది. కోటా కాదు, గుడీ కాదు. అయినా ఊరు ఊరంతా ఇంట్లో మనిషి పోయినట్టు నిలబడి చూసింది. దాన్ని తిరిగి అదే రూపంలో కడుతున్నారు.

నూహౌన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. క్యాలెండర్ల మీద ఉండే రంగురంగుల ఇళ్ళ కాలువ అదే. 1670ల తొలినాళ్ళలో ఐదవ క్రిస్టియన్ కాలంలో స్వీడిష్ యుద్ధఖైదీల చేత తవ్వించారు. మూడు వందల ఏళ్ళు అది నావికుల సారా కొట్ల గట్టు. కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అక్కడ మూడు ఇళ్ళలో వేర్వేరు కాలాల్లో అద్దెకున్నాడు. ఎండ పడే వైపు కూర్చుని తినడానికి అయ్యే ఖర్చుతో అవతలి వైపు నిలబడి రెండు పూటలు తినవచ్చు. ఇక ఆండర్సన్ కథలోని చిన్న మత్స్యకన్య: 1913లో కార్ల్స్‌బర్గ్ బీరు కుటుంబానికి చెందిన కార్ల్ యాకబ్సన్ చేయించి ఊరికిచ్చిన 1.25 మీటర్ల కంచు బొమ్మ. రెండుసార్లు తల, ఒకసారి చెయ్యి పోగొట్టుకుంది. ఊరి నడిబొడ్డు నుంచి అంత దూరం నడిచి చూసి నిట్టూర్చడం పర్యాటకుల ఆనవాయితీ.

నీలి గీతల పింగాణీ

అమాగర్‌టోర్వ్‌లో 1616 నాటి ఎర్ర ఇటుకల ఇల్లు ఒకటి మూడు మంటలనూ తప్పించుకుని నిలిచింది. మథియాస్ హాన్సెన్ అనే నగర మేయరు కట్టించుకున్న ఇల్లు. ఇప్పుడది రాయల్ కోపెన్‌హాగన్ పింగాణీ దుకాణం. అదే 1616లో అదే నాలుగవ క్రిస్టియన్ డేనిష్ ఈస్ట్ ఇండియా కంపెనీకి అనుమతి పత్రమిచ్చాడు. ఈ రెండు సంగతులూ ఒకే ఏడాదివి కావడం కాకతాళీయమే. కానీ దుకాణంలోని సరుకు ఆ కంపెనీ వ్యాపారానికి మనవరాలి వరస.

1618లో బయలుదేరిన డేనిష్ ఓడలు 1620లో తమిళ తీరంలో తరంగంబాడి చేరాయి. కోట కట్టుకోవడానికి స్థలమిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు. ఆయన డేనిష్ రాజుకు పంపిన బంగారు రేకు లేఖ నేటికీ కోపెన్‌హాగన్‌లో జాతీయ పత్రాగారంలో ఉంది. ఆ శతాబ్దంలోనే మచిలీపట్నంలో కూడా డేనిష్ వర్తక స్థావరం వెలిసింది. డెన్మార్క్ రాజు పంపించగా 1706లో తరంగంబాడిలో మొదలైన క్రైస్తవ మిషను నుంచి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, ఇంటికి తిరిగి వెళ్ళాక 1746లో జర్మనీలోని హాలె నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చయిన తెలుగు చరిత్ర అక్కడ మొదలవుతుంది. మిరియాలకని బయలుదేరిన ఓడల దారిలో అక్షరాలు కూడా ప్రయాణించాయి. తరంగంబాడిని, బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌ను డేనులు 1845లో బ్రిటిష్ వారికి అమ్మేశారు.

ఆ తర్వాత 18వ శతాబ్దంలో పగ్గాలు అందుకున్నది ఏషియాటిక్ కంపెనీ. క్రిస్టియన్స్‌హౌన్ నీటి అంచున దాని గోదాము ఇప్పటికీ ఉంది. చైనా నుంచి తేయాకు, పట్టు, నీలి బొమ్మల పింగాణీ రాశులుగా దిగాయి. రాజకుటుంబం ఉండే అమాలియన్‌బోర్ చౌకులో ఐదవ ఫ్రెడరిక్ గుర్రం మీద కూర్చున్న కంచు విగ్రహం 1771 నాటిది. దానికి డబ్బు పెట్టింది ఈ కంపెనీయే. చుట్టూ ఉన్న నాలుగు భవనాలకన్నా విగ్రహానికే ఎక్కువ ఖర్చయిందని చెబుతారు. మధ్యాహ్నం 12 గంటలకు కాపలా మారేటప్పుడు ఫొటోలు తీసుకునేవారి వెనక నిలబడి ఉన్నది తేయాకు లాభమన్నమాట. లాభాలన్నీ తేయాకువి కూడా కావు. అక్కడికి దగ్గరలోనే రేవు గట్టున వెస్ట్ ఇండీస్ గోదాము ఉంది. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చెరకు పంచదార అక్కడ దిగేది. ఆ దీవులను డెన్మార్క్ 1917లో అమెరికాకు అమ్మింది. 1878లో సెయింట్ క్రోయ్ దీవిలో కూలీల తిరుగుబాటు నడిపిన మేరీ విగ్రహాన్ని ఆ గోదాము ముందు 2018లో నిలబెట్టారు. నూహౌన్ రంగుల ఇళ్ళ దగ్గర గంట గడిపేవారు ఇక్కడ పది నిమిషాలు కూడా ఆగరు.

చైనా పింగాణీకి గిరాకీ చూసి ఐరోపా రాజ్యాలన్నీ ఆ రహస్యం కోసం తిప్పలు పడ్డాయి. డెన్మార్క్‌లో ఫ్రాంట్స్ హైన్రిక్ ముల్లర్ అనే రసాయన నిపుణుడు దాన్ని సాధించాడు. రాణి యూలియానె మేరీ అండతో 1775లో కర్మాగారం పెట్టారు. ప్రతి పాత్ర అడుగునా నీలి రంగులో మూడు అలల గీతలుంటాయి. డెన్మార్క్‌ను చీల్చే మూడు జలసంధులకు గుర్తు. మొట్టమొదటి నమూనా, సంఖ్య 1, నేటికీ అమ్ముడవుతున్న నీలి గీతల పూలతీగ. దాని తల్లి చైనా చిత్రమే. ఒక భోజనపు పళ్ళెం మీద 1,197 కుంచె గీతలు పడతాయని కర్మాగారం లెక్క. కొత్త శతాబ్దంలో తయారీలో ఎక్కువ భాగం థాయ్‌లాండ్‌కు తరలింది. అప్పుడు కొందరు కొనేవారు చిన్నబుచ్చుకున్నారు. ఇది డేనిష్ పింగాణీ ఎలా అవుతుంది అన్నది వారి ప్రశ్న. ఆసియా వస్తువును చూసి పుట్టిన నమూనా ఆసియాలోనే తయారవుతుంటే దాన్ని మోసమనాలా, పుట్టింటికి వెళ్ళడమనాలా? కుంచె మాత్రం ఇప్పటికీ మనిషి చేతిలోనే ఉంది. ధరలో అధిక భాగం ఆ చేతిపనికీ, ఆ మూడు అలలకూ పోతుంది.

లెక్కలు, మినహాయింపులు

ఇక్కడ బేరమాడరు. బిళ్ళ మీద రాసిన ధరే ధర. అమ్మకపు పన్ను అందులో కలిసే ఉంటుంది. ఆ పన్నును మోమ్స్ అంటారు, అది 25 శాతం. మన దేశంలోలాగా వస్తువును బట్టి రేట్లు మారవు. పాలకైనా పట్టుచీరకైనా దాదాపు అదే. వెయ్యి క్రోనర్ల ధరలో 200 క్రోనర్లు పన్నే. ఐరోపా సమాఖ్య బయట నివాసముండేవారు ఒక దుకాణంలో 300 క్రోనర్లకు పైగా కొంటే ఆ పన్ను తిరిగి అడగవచ్చు. దుకాణంలో పత్రం రాయించుకోవాలి, వస్తువును వాడకుండా ఉంచాలి, సమాఖ్యను దాటేటప్పుడు విమానాశ్రయంలో చూపించడానికి సిద్ధంగా ఉండాలి. మధ్యవర్తి సంస్థలు రుసుము తగ్గించుకుంటాయి కాబట్టి 200కు 200 చేతికి రాదు. ఐరోపాలో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులు తరచు పొరబడే చోటు ఇదే. బిల్లు కొడుకు పేరు మీద ఉంటే పన్ను వెనక్కి రాదు, ఎందుకంటే అతను సమాఖ్య నివాసి. పాస్‌పోర్టు చూపించి తల్లి పేరు మీద కొనాలి. డబ్బు యూరో కాదు, క్రోన్. 2000లో ప్రజాభిప్రాయ సేకరణలో డేనులు యూరోను తిరస్కరించారు. నోట్లతో అవసరం తక్కువ. బస్సు నుంచి బఠాణీల దాకా కార్డుతోనే గడుస్తుంది.

తృణమణి విషయంలో ఒక జాగ్రత్త. బాగా ఉప్పు కలిపిన నీటిలో వేస్తే అసలుది తేలుతుంది, గాజూ చాలా రకాల ప్లాస్టిక్కూ మునుగుతాయి. కానీ కోపాల్ అనే లేత జిగురు కూడా తేలుతుంది. అంచేత ఉప్పునీళ్ళు సగం సాక్ష్యమే. నీళ్ళ గిన్నెతో కొట్లోకి వెళ్ళడం ఎలాగూ కుదరదు. ధ్రువపత్రం అడగడమే మేలు.

స్ట్రోయెట్‌కు సమాంతరంగా, ఒక్క సందు అవతల, స్ట్రేడెట్ అని పిలిచే ఇరుకు బాట ఉంది. పాతవస్తువుల కొట్లు, చిన్న చేతిపని కొట్లు అక్కడ మిగిలాయి. కోబ్‌మేయర్‌గేడ నుంచి పక్కకు తిరిగితే 1835 నుంచి తేయాకు అమ్ముతున్న పెర్క్ కొట్టు వస్తుంది. చెక్క అరలు, డబ్బాలు, తూచి పొట్లం కట్టే పద్ధతి చూడటానికే వెళ్ళవచ్చు. వంద గ్రాముల పొట్లానికి ఇక్కడి ధరలతో పోలిస్తే పెద్ద ఖర్చు కాదు, పైగా ఏషియాటిక్ కంపెనీ ఓడల తర్వాతి అధ్యాయం అది. కూరగాయల సంత చూడాలంటే 2011లో తెరిచిన టోర్వెహాలెర్నె అనే రెండు గాజు మండపాలున్నాయి. అరవైకి పైగా కొట్లు. పూర్వం ఆ చోటునే ఊరికి కూరలు దిగేవి. 1958లో సంతను ఊరి చివరికి తరలించారు. అర్ధశతాబ్దం తర్వాత అది తిరిగొచ్చింది గాని, ఈసారి కాఫీతో, జున్నుతో, మూడింతల ధరతో వచ్చింది.

వీటన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వదగినవి అరనేలమాళిగ కొట్లు. కోపెన్‌హాగన్ పాత ఇళ్ళకు మొదటి అంతస్తు వీధి కంటే కొంచెం ఎత్తుగా, దాని కింది గది సగం నేలలో ఉంటుంది. నాలుగైదు మెట్లు దిగాలి, తల వంచాలి. వీధి మట్టంలో ఉన్న కొట్టుకన్నా అద్దె తక్కువ కాబట్టి పాత పుస్తకాలవాళ్ళు, వాడిన వస్తువులు అమ్మేవాళ్ళు అక్కడ నిలదొక్కుకున్నారు. నోరెబ్రో పేటలో రావ్న్స్‌బోర్‌గేడ అనే వీధి ఈ వ్యాపారానికి పేరుపడింది. వాడిన వస్తువు కొనడం డేనులకు నామోషీ కాదు. తాతమ్మ సామాను అమ్ముకోవడమూ అంతే.

అలాంటి గదిలో నీలి గీతల పళ్ళాలు దొంతరలుగా ఉంటాయి, కొత్తవాటితో పోలిస్తే బాగా తక్కువకు. కొనేవారు ముందు పళ్ళెం ముఖం చూడరు, తిరగేస్తారు. మూడు అలల పక్కన చిత్రించిన మనిషి గుర్తు ఉంటుంది. 1935 తర్వాతిదైతే 'రాయల్ కోపెన్‌హాగన్' అన్న పేరులో ఏదో ఒక అక్షరం మీదో కిందో సన్నని గీత ఉంటుంది. ఏ అక్షరానికి గీత ఉందో దాన్ని బట్టి ఏ ఏడాదిదో లెక్కకడతారు. అలల మీద అడ్డంగా గీరిన గాటు కనిపిస్తే అది రెండో రకం సరుకు: కొలిమిలో ఎక్కడో రవ్వంత తేడా వచ్చి, కర్మాగారమే తక్కువకు అమ్మినది. కొట్టు యజమాని ఆ గాటును దాచడు, వేలితో చూపించి మరీ ధర చెబుతాడు.